కర్రోడి కాపలా

గొర్రెల్ని తోలే కుక్క వేరు, కాచే కుక్క వేరు. సినిమాల్లో కొండవాలున పరుగులు తీస్తూ మందను అటూ ఇటూ మళ్లించేది తోలే కుక్క. గొర్రెకు దాన్ని చూస్తే భయం, ఆ భయంతోనే దాని పని జరుగుతుంది. కాచే కుక్క తోలదు, తరమదు. పగలంతా గొర్రెల నడుమ పడుకుని కునుకు తీస్తుంటే చూసేవాళ్లకు ఒట్టి సోమరిలా కనిపిస్తుంది. పరాయి వాసన తగిలిందా, లేచి మందకూ ఆ వచ్చినదానికీ మధ్య నిలబడుతుంది. దాని విద్యంతా ఆ నిలబడటంలోనే ఉంది.

ఈ విద్య కొంత పుట్టుకతో వస్తుంది, ఎక్కువ పెంపకంతో వస్తుంది. 1833లో ఉరుగ్వే గడ్డి మైదానాల్లో తిరిగిన డార్విన్ అక్కడి పద్ధతిని రాసిపెట్టాడు. పసికూనగా ఉండగానే తల్లి నుంచి విడదీస్తారు. గొర్రెను పట్టుకుని రోజుకు మూడు నాలుగుసార్లు పాలు తాగిస్తారు. దొడ్లోనే ఉన్ని పరిచి పడుకోబెడతారు. వేరే కుక్కలతో గానీ, ఇంట్లో పిల్లలతో గానీ కలవనివ్వరు.

నారాయణపేట దగ్గర మా పెద్దనాయన డార్విన్ పేరు విన్నవాడు కాదు. కర్రోడిని మాత్రం అచ్చం అలాగే పెంచాడు. ఊరకుక్క ఈనిన నల్లకూనను గొంగట్లో చుట్టి తెచ్చి, పిల్ల చచ్చిపోయిన ఒక గొర్రె పొదుగుకు పట్టించాడు. పిల్లలం ఎత్తుకోబోతే కసిరేవాడు. "మనుషులకు మరిగితే మందను కాయదు, దూరం పోండి" అనేవాడు.

కర్రోడు గొర్రెలకే మరిగాడు. ఏదైనా గొర్రె ఈనుతుంటే నాలుగడుగుల దూరంలో కూర్చుని కాచేవాడు. మాయ పడగానే తినేసి, నేలమీది తడి కూడా నాకేసేవాడు. నెత్తుటి వాసనకు నక్కలు రాకుండా అదొక కాపలా అని పెద్దనాయన చెప్పేవాడు. కాళ్లు నిలవని పిల్ల తూలుకుంటూ వచ్చి కర్రోడి పొట్ట కింద పాలకోసం కుమ్ముతుంటే, వాడు ముఖం పక్కకు తిప్పుకుని ఓపిగ్గా కూర్చునేవాడు.

ఎండలు ముదిరితే మంద కృష్ణా ఆయకట్టుకు వెళ్లేది. వరి కోసిన మడుల్లో రాత్రిళ్లు మంద పెడితే పొలానికి ఎరువు, పెద్దనాయనకు వడ్లో డబ్బులో. వెళ్లే దారిలో గుట్టల దగ్గర తోడేళ్లు. ఒకటి ఎదురుగా కనబడి కుక్కను దూరం లాగుతుందనీ, రెండోది వెనకనుంచి వచ్చి పిల్లను ఎత్తుకుపోతుందనీ కాపర్లందరికీ తెలుసు. కర్రోడు ఆ ఎరకు ఎన్నడూ పడలేదు. పది అంగలు ఉరికి, మొరిగి, వెంటనే మంద దగ్గరికి తిరిగొచ్చేవాడు. ఒక రాత్రి రెండూ ఒక్కసారే మీదికొచ్చాయి. తెల్లారి చూస్తే వాడి ఎడమచెవి నిలువునా చీలి ఉంది. వల లోపల గొర్రెలు లెక్కకు లెక్క ఉన్నాయి. తోడేళ్ల ప్రాణాలూ నిలిచాయి, నాకు ఇది తక్కువ సంగతిగా తోచదు. నమీబియాలో 1994 నుంచి చీతాల సంరక్షణ సంస్థ ఒకటి రైతులకు టర్కీ జాతి కంగల్ కుక్కల్ని ఇస్తున్నది ఇందుకే. మందకు కాపలా ఉంటే రైతు తుపాకీ తీయనక్కర్లేదు.

కర్రోడితో చిక్కల్లా మంచివాళ్లు వచ్చినప్పుడే. ఉన్ని కత్తిరించేవాళ్లు కత్తెరలతో వచ్చినా, పశువుల డాక్టరు చిటుకు రోగం టీకాకు సూది తీసినా, నట్టల మందు తాగించడానికి గొర్రె దవడ పట్టుకున్నా, వాడు అడ్డం నిలిచేవాడు. కరిచేవాడు కాదు. పళ్లు చూపించి నిలబడేవాడు, అంతే, ఎవరూ అడుగు ముందుకు వేయలేరు. అప్పుడు పెద్దనాయన గొంతుక్కూర్చుని, వాడి మెడమీద చెయ్యేసి "మనోళ్లేరా" అనేవాడు. ఆ మాట వింటే చాలు, కర్రోడు ముందరి కాళ్లమీద గడ్డం ఆనించి పడుకునేవాడు. మేం ఎంత చెప్పినా చెవిన పెట్టేవాడు కాదు.

ఆ మాటను పెద్దనాయన ఊరికే వాడేవాడూ కాదు. బేరానికొచ్చి వాళ్లే గొర్రెను పట్టి చూస్తామన్నవాళ్లకు కూడా, తానే పట్టి తెచ్చి చూపించేవాడు గానీ కర్రోడితో ఆ మాట అనేవాడు కాదు. "కుక్కతోటి అబద్ధం ఆడొద్దు బిడ్డా, ఒక్కసారి తెలిసిందంటే మళ్ల నమ్మదు" అని నాతో చాలాసార్లు అన్నాడు.

2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం సబ్సిడీ మీద 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచింది. 2019 పశుగణనలో రాష్ట్రం 1.9 కోట్ల గొర్రెలతో దేశంలోనే ముందు నిలిచింది. గొర్రెలు పెరిగాయి, బీళ్లు పెరగలేదు. ఉన్నచోట ప్లాట్ల రాళ్లు లేచాయి. నల్లగొర్రె ఉన్నిని అడిగేవాడు లేడు, గొంగడి నేసే ఇళ్లు ఒక్కొక్కటే మగ్గం దించాయి. పెద్దనాయన మోకాళ్లు లేవనన్నాయి. కొడుకు పట్నంలో కారు నడుపుతున్నాడు. మంద మొత్తం ఒకే బేరానికి అమ్మేశాడు.

డీసీఎంలోకి ఆఖరి గొర్రె ఎక్కగానే కర్రోడు కూడా ఎగిరి ఎక్కాడు. దింపబోతే దిగడు. "రానియ్యి, దార్ల వాటికి తోడుంటడు. వచ్చేటప్పుడు నాతోటి తీస్కొస్త" అని పెద్దనాయన డ్రైవరు పక్కన కూర్చున్నాడు. నేను హైదరాబాదులోనే ఉంటాను గనుక తెల్లవారుజామున జియాగూడ గొర్రెల మండికి వెళ్లాను.

ఆడ్తి దుకాణంలో పెద్దనాయన నోట్లు లెక్కబెట్టుకుంటున్నాడు. ఇంతలో ఒక పిల్లగాడు ఉరికొచ్చాడు. "తాతా, నీ కుక్క ఎవ్వర్నీ దగ్గరికి రానిస్తలేదు. జెల్ది రా!"

పెద్దనాయన నోట్లకట్ట రొండిన దోపుకుని లేచాడు. దొడ్డి వాకిట్లో కర్రోడు అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఎవరో విసిరిన రాయి తగిలి నుదుటి మీంచి నెత్తురు కారుతోంది. వెనక గొర్రెలన్నీ వాడి నీడకు ఒదిగి ఉన్నాయి. ఎదురుగా కబేళా మనుషులు నలుగురు, చేతుల్లో తాళ్లు, కర్రలు. పెద్దనాయనను చూడగానే కర్రోడు తోక ఊపాడు, కానీ వాకిలి వదల్లేదు.

"తొందరగ కానియ్యి పెద్దమనిషీ, పొద్దెక్కుతున్నది" అన్నాడు షావుకారు.

పెద్దనాయన గొంతుక్కూర్చున్నాడు. కర్రోడి మెడమీద చెయ్యేశాడు.

"మనోళ్లేరా" అన్నాడు.

కర్రోడు పక్కకు జరిగి, ముందరి కాళ్లమీద గడ్డం ఆనించి పడుకున్నాడు.