తాళం తప్పని మాస్టారు

మా కాలనీ కూచిపూడి మాస్టారు డబ్బు మాట ఎత్తరు. పిల్లని చేర్పించడానికి ఎవరొచ్చినా సిద్ధేంద్రయోగి దగ్గర మొదలెట్టి వెంపటి చినసత్యంగారి దాకా వచ్చి, "కళకి వెల కట్టేవాళ్ళం కాదమ్మా" అంటూ కళ్ళు మూసుకుంటారు. తెరిచేలోగా వాళ్ళావిడ రసీదు పుస్తకంతో హాల్లోకి వచ్చేస్తారు.

ఆయన్ని ఏమీ అనలేం. కూచిపూడి భాగవతులకి తానీషా అగ్రహారమే రాసిచ్చాడని ప్రతీతి. ఈయనకున్నది ఫ్లాటు ఓనరు, ఐదో తారీఖుకల్లా ఫోన్ చేస్తాడు. సభలవాళ్ళిచ్చేది శాలువా. బీరువాలో అవి పట్టక మంచం కింద చేరాయి. కిరాణా కొట్టువాడు వాటిని పుచ్చుకోడు.

నెల ఫీజులతో కరెంటు బిల్లు గట్టెక్కుతుంది. అసలు పంట రంగప్రవేశాలే. రవీంద్రభారతి అద్దె, నట్టువాంగం, గాత్రం, మృదంగం, వయొలిన్, మేకప్, నగలు, ముఖ్య అతిథి, భోజనాలు... పిల్ల తండ్రికి ముందుగానే ఒక పెళ్ళి చేసినట్టుంటుంది. డాలస్ పిల్లలకి ఏడాదంతా జూమ్‌లోనే పాఠం. పాట ఇక్కడ, అడుగు అక్కడ. తాళం తప్పింది పిల్లా, నెట్టా అన్న ధర్మసందేహం వస్తే మాస్టారు నెట్టుదే తప్పని తేల్చేస్తారు. డాలర్లు పంపేది నెట్టు కాదు కదా!

తల్లులకి ఓపిక తక్కువ. చేరిన మూడో నెలకే, "పళ్ళెం ఎప్పుడెక్కిస్తారు మాస్టారూ?" అంటారు. తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచుమీద నిలబడి నడవాలంటే ఏళ్ళు పడుతుంది. "ముందు అరమండి కుదరనివ్వండమ్మా" అంటూనే దసరాకి పళ్ళెం మీద నిలబెట్టి ఫొటో తీయిస్తారు. వెనక నుంచి పిల్ల నడుం పట్టుకున్న చెయ్యి మాస్టారిదే. ఫొటోలో అది కనబడదు.

ఇక పెళ్ళిళ్ళ సీజన్లో సంగీత్‌లు. "పసుమర్తి కృష్ణమూర్తిగారు మాయాబజార్‌కి చెయ్యలేదటండీ?" అని మనం అడక్కుండానే సమాధానం చెప్పి, కండువా ఇంట్లో తీసిపెట్టి వెళతారు. మొన్న పెళ్ళికొడుకు బాబాయి మాస్ పాటకి అరక్షణం ముందే గెంతుతున్నాడట.

"ఇంకోసారి!"

"సరదాకే కదండీ మాస్టారూ!"

"సరదాకైనా ఆది తాళానికి ఎనిమిది అక్షరాలే నాయనా. ఏడున్నర కాదు."

ఒప్పుకున్న గంట దాటినా, అదనంగా పైసా రాకపోయినా, రాత్రి పదకొండు దాకా వదల్లేదట. బాబాయికి ఎనిమిదో అక్షరం కుదిరింది. అప్పటికి కిందహాల్లో ఐస్‌క్రీం అయిపోయింది.