మామ పతకాల వరుస

మా మేనమామ యుద్ధం చూడలేదని నలుగురిలో చెప్పింది నేనే. ఆయన జేబు మీద వరుసగా బిగించిన పతకాలు చూసి చెప్పాను. వాటిని చదవడం నాకు వచ్చనుకున్నాను.

జర్మనీ మాజీ సైనికుల పతకాల ఫొటోలంటే నాకు చాలాకాలంగా పిచ్చి. అక్కడ ఆ వరుసే సర్వీసు పుస్తకం. మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసినవాళ్లకు 1934లో అప్పటి అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ ఒక క్రాస్ పెట్టాడు. దాని మీద కత్తులుంటే ఆ మనిషి ముందువరసలో పోరాడాడని, లేకుంటే వెనక పనుల్లో ఉన్నాడని అర్థం. నల్లపూత వేసింది చనిపోయిన సైనికుడి భార్యకో తల్లిదండ్రులకో ఇచ్చినది. హిట్లర్ కాలపు పతకాలను స్వస్తిక తీసేసి పెట్టుకోవచ్చని పశ్చిమ జర్మనీ 1957లో చట్టం చేసింది. కాబట్టి స్వస్తిక తీసేసిన హిట్లర్ కాలపు పతకం కనిపిస్తే ఆ వరుస యుద్ధం తర్వాత కట్టించుకున్నదని చెప్పేయవచ్చు. ఇవన్నీ నేర్చుకుని ఆ కళ్లతోనే మామ వరుస చూశాను.

మాది స్టేషన్ ఘనపూర్. జనవరి 26న బడిలో జెండా ఎగరేశాక నన్ను మాట్లాడమన్నారు. మామ ముందువరసలో కుర్చీలో ఉన్నాడు. "మా మామ దేశానికి మంచి సేవ చేసిండు. యుద్ధానికి మాత్రం పోలేదు. పతకాల మీద కత్తి గుర్తు ఒక్కటన్నా లేదు చూడుండ్రి" అన్నాను. మామ ఏమీ అనలేదు. ఆ మరుసటి ఏడు పతకాలు పెట్టుకోకుండా వచ్చాడు.

అప్పుడు అనుమానం వచ్చి అడిగి తీసుకుని, దీపం కింద పెట్టి చూశాను. మన సైన్యంలో కత్తులతో లెక్క లేదు. 1971 యుద్ధానికి సంగ్రామ్ మెడల్ అనేది విస్తారంగా ఇచ్చారు. దాని పక్కనున్న అయిదు కోణాల కంచు నక్షత్రం, మధ్యలో మూడు సింహాలది, అట్లాంటిది కాదు. అది పశ్చిమీ స్టార్, పశ్చిమ రణరంగంలో ఉన్నవాళ్లది. తూర్పున పనిచేసినవాళ్లకు పూర్వీ స్టార్. నేను ఆ నక్షత్రాన్ని కూడా అందరికీ పంచినదే అనుకుని దాటేశాను. 1972 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నవాళ్లకు స్వాతంత్ర్య రజతోత్సవ పతకం, తొమ్మిదేళ్ల సర్వీసు పతకం ఉన్నాయి. ఇరవై ఏళ్లది లేదు. తొమ్మిది దాటాక, ఇరవై నిండకముందే ఇంటికి వచ్చాడన్నమాట. ఇంత స్పష్టంగా రాసి ఉంటే నేను లేని కత్తుల కోసం వెతికాను.

పతకం తిప్పి అంచు చూడటం అసలు తోచనే లేదు. అక్కడ సన్నటి అక్షరాల్లో నంబరు, ఎస్‌పీఆర్, పేరు, ఎంఈజీ అని చెక్కి ఉంది. సాపర్, మద్రాస్ ఇంజినీర్ గ్రూప్.

1971 డిసెంబరులో షకర్‌గఢ్ దగ్గర బసంతర్ నది ఒడ్డున టాంకులకు మందుపాతరల్లో దారి తీసింది సాపర్లే. ఆ పనిలో ప్రాణం అర్పించిన మేజర్ విజయ్ రతన్ చౌదరికి మరణానంతరం మహావీర చక్ర వచ్చింది. దారి పూర్తి కాకముందే పూనా హార్స్ రెజిమెంట్ టాంకులు దూసుకుపోయాయి. 16న ఆ రెజిమెంట్ అధికారి అరుణ్ ఖేతర్‌పాల్ చనిపోయింది ఆ పోరాటంలోనే. ఇవన్నీ పుస్తకాల్లో చదివినవాణ్ణే, ఇంట్లో ఉన్న సాపర్‌ను మాత్రం అడగలేదు.

వెళ్లి అడిగాను. "ఆడ నేనున్న" అన్నాడు మామ. "కడ్డీతోని మట్టిల ఏటవాలుగ గుచ్చాలె. నిటారుగ గుచ్చితే పేలుతది. చేతులు చలికి కొంకర్లు పోయేటియి."

మరి ఆ రోజు బడిలో ఎందుకు చెప్పలేదని అడిగాను.

"సదువుకున్నోనివి, అందరి ముందల నిన్నెట్ల కాదందును? గని, నువ్వు జెప్పిందే నిజమనుకుంటున్నరు బిడ్డా. ముందుగాల అది సరిజెయ్యి."

ఆ రోజు బడిలో ఉన్నవాళ్లలో దొరికినవాళ్ల ఇండ్లకు వెళ్లి చెప్పాను. కొందరికి గుర్తే లేదు. గుర్తున్న ఒకాయన, "మరి అప్పుడు కాదంటివి గదా" అన్నాడు. అప్పుడు నాకు తెల్వకనే చెప్పిన, మా మామ బసంతర్‌ల మందుపాతరలు తీసిండు అన్నాను.