పట్టికలో లేని గడి

పిత్తాశయంలో రాళ్లున్నాయని స్కానింగ్‌లో తేలింది. భోజనం తర్వాత కుడి డొక్కలో లేచే నొప్పికి కారణం అవేనని, ఆపరేషన్ చేయించుకోవడం మంచిదని డాక్టరు చెప్పారు. సరేనని తలూపి ఇంటికొచ్చాను. ఆ రాత్రే నోటుపుస్తకం తీసి పట్టిక గీశాను. ఎడమవైపు రాళ్లు పోగొడతాయనే చిట్కాల పేర్లు; పైన ఖర్చు, కష్టం, ఫలితం. ఏళ్ల తరబడి పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పినదాన్ని. నేను చేస్తున్నది పరిశోధన అనే మనస్ఫూర్తిగా నమ్మాను.

మొదట నేల ఉసిరి పసరు. మన పల్లెల్లో కామెర్లకు తరతరాలుగా ఇస్తున్న మందు. ఈ మొక్క హెపటైటిస్-బి మీద పనిచేస్తుందేమోనని 1988లో మద్రాసు నుంచి ఒక అధ్యయనం ఆశ రేపింది. తర్వాతి పరీక్షల్లో ఆ ఆశ నిలబడలేదు. నిలబడి ఉన్నా అది వైరస్ సంగతి, రాళ్ల సంగతి కాదు. రెండోది కొండపిండాకు కషాయం. దాన్ని మూత్రంలో రాళ్లకు వాడతారు. ఆ రాళ్లు ఎక్కువగా కాల్షియం ఆక్సలేటువి. పిత్తాశయంలోవి చాలావరకు కొలెస్ట్రాల్‌వి. పుట్టే చోటు వేరు, పుట్టే తీరు వేరు, పోయే దారి వేరు. రెంటినీ రాళ్లే అంటాం గనుక ఒకే మందు సరిపోతుందనుకున్నాను. మూడోది పరగడుపున బీట్‌రూట్ రసం.

నాలుగోది అందరూ ‘లివర్ ఫ్లష్’ అనేది. పగలంతా యాపిల్ రసం, సాయంత్రం ఎప్సమ్ సాల్ట్ కలిపిన నీళ్లు, పడుకునే ముందు అరగ్లాసు ఆలివ్ నూనెలో నిమ్మరసం. తాగి కుడివైపు తిరిగి పడుకోవాలి. తెల్లారి విరేచనంలో ఆకుపచ్చటి గడ్డలు పడ్డాయి. ఆనందంతో ఏడ్చాను. ఫలితం గడిలో దానికే అన్నింటికన్నా ఎక్కువ మార్కులు వేశాను.

ఆ గడ్డలు ఏమిటో 2005లోనే న్యూజిలాండ్ నిపుణులు లాన్సెట్ పత్రికలో రాశారు. ఇలాగే తాగిన ఒకామె తెచ్చిచ్చిన ‘రాళ్ల’ను వాళ్లు పరీక్షించారు. వాటిలో కొలెస్ట్రాల్ లేదు, బిలిరుబిన్ లేదు, కాల్షియం లేదు. 40 డిగ్రీల వేడికి పది నిమిషాల్లో కరిగి పచ్చటి నూనె అయ్యాయి. తాగిన నూనే కడుపులో జీర్ణరసాలతోను, నిమ్మరసంలోని పొటాషియంతోను కలిసి సబ్బులా గడ్డకట్టిందన్నమాట. ఆమె అసలు రాళ్లు పిత్తాశయంలోనే ఉన్నాయి. ఆపరేషన్ చేసి తీశారు. నావీ ఉన్నచోటే ఉన్నాయని మరుసటి స్కానింగ్ చూపించింది.

రాళ్లు పోకపోయినా నొప్పి తగ్గింది కదా అనుకున్నాను. కానీ ఈ నొప్పి స్వభావమే వచ్చి పోవడం. రాయి పిత్తాశయం మూతికి అడ్డం పడితే నొప్పి లేస్తుంది. వెనక్కి జారితే కొన్ని గంటల్లో దిగిపోతుంది. మళ్లీ కొన్ని వారాలు రాకపోవచ్చు. ఆ వారాల్లో ఏది తాగితే దానికి పేరొస్తుంది. ‘ఏమీ తాగకపోతే ఏమవుతుంది’ అనే గడి నా పట్టికలో లేదు. అది లేని పోలికకు విలువ లేదని క్లాసులో చెప్పింది నేనే.

ఇంతటితో ఆగితే ఇది నా ఒక్కదాని తెలివితక్కువతనంగా మిగిలేది. అక్కకూ రాళ్లున్నాయి. “నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెబితే అంతే” అని ఆపరేషన్ వాయిదా వేసుకుని ఆలివ్ నూనె తాగింది. కొవ్వు కడుపులో పడగానే పిత్తాశయం ముడుచుకుని పైత్యరసాన్ని బయటికి నెడుతుంది. ఆ ఒత్తిడికి రాయి కదిలి సన్నటి పిత్తవాహికలో ఇరుక్కోవచ్చు. కొద్దిరోజులకు అక్క కళ్లు పచ్చబడ్డాయి, చలిజ్వరం వచ్చింది, క్లోమం వాచింది. ఎండోస్కోపీతో రాయి తీశారు. కోలుకున్నాక పిత్తాశయం తొలగించారు. ఆ రాయి నూనె వల్లే జారిందని ఎవరూ చెప్పలేరు. తనంతట తానే జారి ఉండవచ్చు. కానీ ఆపరేషన్ వాయిదా పడింది మాత్రం నా మాట వల్లే. అక్క నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నా అపరాధం దానితో తగ్గలేదు.

ఎందుకు చేశానని నన్ను నేను నిలదీసుకుంటే దొరికిన జవాబు ఒక్కటే. కత్తి అంటే భయం. ఆ భయాన్ని ఒప్పుకోలేక దానికి పరిశోధన అని పేరు పెట్టాను. “నాకు భయంగా ఉందండీ” అని ఆ రోజే డాక్టరుతో అని ఉంటే, ఇప్పుడు చిన్న రంధ్రాలతోనే చేస్తారని, చాలామంది ఒకటి రెండు రోజుల్లో ఇంటికెళ్తారని, పిత్తాశయం లేకపోయినా కాలేయం పైత్యరసాన్ని నేరుగా పేగులోకి పంపుతుందని చెప్పేవారు. చివరికి నా ఆపరేషన్‌కు ముందు అవన్నీ చెప్పారు.

నాలాగే రిపోర్టు పట్టుకుని కూర్చున్నవారికి చేతులు జోడించి చెబుతున్నాను. కాలేయాన్ని కడగాల్సిన పని లేదు. నొప్పి ఎప్పుడూ రాని రాళ్లకు చాలాసార్లు ఆపరేషన్ కూడా అక్కర్లేదు. ఆ సంగతి తేల్చవలసింది డాక్టరు. నొప్పి గంటలు గడిచినా దిగకపోయినా, చలిజ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. భయమేస్తే ఆ మాట డాక్టరుకే చెప్పండి.