నాలుగు గళ్లు, ఆఖర్న ‘ల్లి’: సటీక తాత్పర్యం

మూలం

“అన్నా! నాలుగు గళ్లు, ఆఖర్న ల్లి, తీగంట. ఏందది?”

అవతారిక

సత్తుపల్లి బస్టాండు దగ్గర టీ బండి మీద పేపరు ఏ పేజీకా పేజీ విడిపోయి చేతులు మారుతుంది. గళ్ల పేజీ మాత్రం జేబులో పెన్నున్నవాడికే దక్కుతుంది. అలా దక్కించుకున్న ఒక కుర్రవాడు, తిరువూరు బస్సు కోసం చూస్తూ, టీ మాస్టరును ఉద్దేశించి పలికిన వాక్యమిది. మాటలు తక్కువ, చిక్కులు ఎక్కువ. సూత్రానికి ఇంతకన్నా లక్షణం అక్కర్లేదు కనుక వ్యాఖ్యకు పూనుకున్నాం. మెదకు సీమలోని కొల్చారం వాడైన మల్లినాథ సూరి మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ మాట ఇచ్చి మరీ కలం పట్టాడు. మేమటువంటి మాట ఏదీ ఇవ్వడం లేదు.

ప్రతిపదార్థం

అన్నా = ఓ టీ మాస్టరూ (వయసులో చిన్నవాడైనా సరే, జవాబు కావలసినప్పుడు అన్నే); నాలుగు గళ్లు = నాలుగు అక్షరాలు పట్టే చోటు; ఆఖర్న = కొసలో; ల్లి = లకారానికి లావత్తు, దానికి గుడి; తీగంట = తీగ అట. ఈ ‘అంట’లో ఉంది కవి చమత్కారం. ఆధారం పేపరువాడిది, తప్పయితే నా పూచీ లేదు అని ధ్వని. ఏందది = ఏమిటది. ఇక్కడ వినయం వాచ్యం, బస్సు వచ్చేస్తుందన్న కంగారు వ్యంగ్యం.

టీక

నాలుగు గళ్లు: ఈ ఆట మనది కాదు. 1913 డిసెంబరు 21న ‘న్యూయార్క్ వరల్డ్’ ఆదివారం పత్రికలో ఆర్థర్ విన్ అనే లివర్‌పూల్ మనిషి తొలిసారి అచ్చేయించాడు. తెలుగులో శ్రీశ్రీ పదబంధ ప్రహేళిక అన్నాడు, ఆరుద్ర గళ్ళ నుడికట్టు అన్నాడు. ఇద్దరు మహాకవులు గళ్లు గీసుకుంటూ కూర్చున్న భాష మరొకటి ఉంటే చూపించమనండి. ఆట పరాయిదైనా గడి లెక్క మాత్రం అచ్చంగా మనదే. ఇంగ్లీషులో ఒక్కో హల్లుకూ అచ్చుకూ వేర్వేరు గడి కావాలి. మనకు గుణింతం, ఒత్తు, సున్న అన్నీ ఒకే గడిలో సర్దుకుంటాయి. ‘ల్లి’ ఒక గడి. ‘స్త్రీ’ కూడా ఒక గడే.

ఆఖర్న: ఈ ఒక్క పదం దగ్గరే పండితులంతా చేతులెత్తేస్తారు. మనకు అలవాటైన నిఘంటువులు తల పట్టుకుని నడిచేవే. 1885 నాటి శబ్దరత్నాకరంలో పదం తల చూపిస్తే పుట దొరుకుతుంది. తోక చూపించినవాడికి మాత్రం మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదువుకోవడమే గతి. పూర్వులు ఇంత నిర్దయులు కారు. సంస్కృతంలో అమరకోశం మూడో కాండలోని నానార్థ వర్గం కొస హల్లును బట్టే నడుస్తుంది: కాంతాలు, ఖాంతాలు, గాంతాలు. 1111లో మహేశ్వరుడు చేసిన విశ్వప్రకాశం ఇంకో అడుగు ముందుకేసి, కొస హల్లు ఒకటైన నానార్థ పదాలను మళ్లీ అక్షరాల లెక్కన విడగొట్టింది. రెండక్షరాలవి ఒకచోట, మూడక్షరాలవి ఒకచోట, నాలుగక్షరాలవి ఇంకోచోట. తర్వాత మేదినీ కోశమూ అదే దారి పట్టింది. ‘ఇతి విశ్వః’ అంటూ మల్లినాథుడు మాటిమాటికీ సాక్ష్యానికి పిలిచేది ఈ విశ్వప్రకాశాన్నే. ఇంగ్లీషువాళ్లకు జాన్ వాకర్ 1775లో కొస నుంచి పేర్చిన నిఘంటువును ఇచ్చాడు. అంటే టీ బండి దగ్గర కుర్రవాడు అడిగిన ప్రశ్న, ‘ఇన్ని అక్షరాలు, ఈ కొస’, తొమ్మిది వందల ఏళ్ల కిందట ఒక కోశకారుడు పుస్తకం మొత్తానికీ వెన్నెముకగా పెట్టుకున్న ప్రశ్నే. తెలుగు కోశకారులు దాన్ని పెద్దగా అందుకున్నట్టు లేదు. ఇది మా ఫిర్యాదు.

ల్లి: అన్ని కొసలూ ఒక్కటి కావు. తెలుగులో ‘ఆఖర్న ము’ అంటే ఏమీ చెప్పనట్టే. డు, ము, వు, లు అనే నాలుగు తోకలు సగం నిఘంటువును ఈడ్చుకుపోతాయి. ‘ల్లి’ అలా కాదు. రెండు గళ్లయితే తల్లి, చెల్లి, పిల్లి, బల్లి, ఉల్లి, లొల్లి. మూడయితే జాబిల్లి, నీరుల్లి, వెల్లుల్లి. కొస చిన్నదే గాని ఇల్లంతా తిరిగొస్తుంది.

పాఠాంతరం: మదనపల్లె వైపు నుంచి వచ్చిన లారీ డ్రైవరు ఒకాయన తనకు ‘ల్లె’ అని వినిపించిందన్నాడు. ఎవరి చెవికి అలవాటైన కొస వాళ్లకు వినిపిస్తుంది. గ్రాహ్యం కాదు.

శంక – సమాధానం

టీ మాస్టరు తల ఎత్తకుండానే “సత్తుపల్లి” అన్నాడు. ‘తీగ’ అన్న విశేషణాన్ని ఆయన విననే లేదు. ఇది పూర్వపక్షం. అయితే తీసిపారేయదగ్గది కాదు. ఈ బస్టాండులో నిలబడ్డవాడికి కళ్ల ముందు తిరిగేవన్నీ ‘ల్లి’ కొస ఊళ్లే. బేతుపల్లి, లంకపల్లి, పెనుబల్లి నాలుగేసి గళ్లు. కాకర్లపల్లి, రుద్రాక్షపల్లి అయిదేసి. సత్తుపల్లి మనిషికి నిఘంటువు బస్సు బోర్డు మీదే ఉంది.

ఇక్కడ ఛందోవిశేషం ఒకటి చెప్పకపోతే వ్యాఖ్యాతకు నిద్ర పట్టదు. సత్తుపల్లి: గురువు, లఘువు, గురువు, లఘువు. అంటే గలం, గలం; రెండు సూర్యగణాలు. బేతుపల్లీ అంతే, లంకపల్లీ అంతే, కన్నతల్లీ అంతే. తేటగీతి పాదం చివరి రెండు సూర్యగణాల చోట వీటిలో ఏది పెట్టినా కదలకుండా కూర్చుంటుంది. పైగా యతి పడేది ఆ పదం తొలి అక్షరం మీదే. పెనుబల్లి ఒక్కటే దారి తప్పి సలమైంది, ఇంద్రగణంలోకి వెళ్లిపోయింది. కల్లూరు రోడ్డు మీద ఇంద్రగణం ఉందని అక్కడివాళ్లకు తెలిసినట్టు లేదు.

తీగల్లో చటుక్కున తట్టేవి రెండు: కల్పవల్లి, నాగవల్లి. రెండూ గలం గలమే. ఛందస్సు తీర్పు చెప్పలేకపోయింది.

“నాగవల్లి సినిమా కదా?” అని పక్క బల్ల మీద నుంచి శంక. 2010లో వెంకటేష్ సినిమా వచ్చిన మాట నిజం. అంతకు ముందే అది పెళ్లిలో ఒక తంతు, దానికీ ముందు తమలపాకు తీగ. పక్కనే కిళ్లీ కొట్టులో తడి గోనెపట్టా కింద ఉన్నవి ఆ తీగ ఆకులే.

సిద్ధాంతం రెండో గడిలో దొరికింది. అక్కడి నుంచి కిందికి ఒక నిలువు పదం మొదలవుతోంది: ‘వంటింట్లో కలిపేది, మూడు గళ్లు’. కల్పవల్లి వేస్తే ఆ పదం ‘ల్ప’తో మొదలవ్వాలి. ‘ల్ప’తో మొదలయ్యే మాట తెలుగులో పుట్టలేదు. ఆధారం చదవకుండానే కల్పవల్లి రాలిపోయింది. నాగవల్లి వేస్తే ‘గ’. టీ మాస్టరు చేతిలోనిదే, గరిటె.

రెండో అక్షరమంటే ప్రాసస్థానం. వృత్తమో కందమో రాసిన తెలుగు కవి ఎవడైనా రెండో అక్షరం పట్టుకుని పదాలు వెతికినవాడే. సంస్కృత కోశకారుడు కొస పట్టుకుంటే, మనవాడు రెండో గడి పట్టుకున్నాడు. గళ్లవాడికి రెండూ కావాలి.

తాత్పర్యం

ఓ అన్నా, నాకు నాగవల్లి అన్న పదం కావాలి.

విశేషం

బస్సెక్కాక ఇదే ప్రశ్న ఫోన్‌ను అడగవచ్చు కదా అంటారు. అడగవచ్చు. అక్కడ ఇంకో చిక్కు. యూనికోడ్‌లో ‘ల్లి’ ఒక అక్షరం కాదు: ల, పొల్లు, మళ్లీ ల, గుడి, మొత్తం నాలుగు సంకేతాలు. ఆ లెక్కన నాగవల్లి ఎనిమిది, కల్పవల్లి తొమ్మిది, సత్తుపల్లి పది. సంకేతాలను అక్షరాలనుకునే యంత్రాన్ని ‘నాలుగక్షరాలు, ఆఖర్న ల్లి’ అని అడిగితే తల్లి, చెల్లి కూడా ఇవ్వదు. వాటికే వరసగా అయిదు, ఆరు సంకేతాలున్నాయి. అది చూపించేది ఒక్క ‘ల్లి’నే.

కాబట్టి తెలుగు పదాల జాబితాలు తయారుచేసే మిత్రులకు విన్నపం: సంకేతాలు వదిలి గడులు లెక్కపెట్టండి, పదాలను కొస నుంచి కూడా ఒకసారి పేర్చి పెట్టండి. తల నుంచి పేర్చినవి మా దగ్గర చాలానే ఉన్నాయి.