విలువ గడిలో ఏం రాయమంటారు?

పూతరేకులు నలగకూడదు. రాజమండ్రిలో మా పిన్ని నన్ను బండెక్కిస్తూ నూటొక్కసారి చెప్పిన మాట అది. చెప్పినట్టే రత్నాచల్‌లో ఆ అట్టపెట్టెని బాలింత బిడ్డని పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దువ్వాడ రాగానే రెండు చేతులా ఎత్తుకుని, జనాన్ని మోచేతులతో తోసుకుంటూ దిగాను. ఒక్క రేకు నలగలేదు. బండి కదిలి చివరి పెట్టె కూడా దాటిపోయాక భుజం మరీ తేలిగ్గా ఉందేమిటా అని తడుముకున్నాను. హ్యాండ్‌బ్యాగు కిటికీ పక్క కొక్కేనికి వేలాడుతూ విశాఖపట్నం వెళ్లిపోయింది. దానికి ఇంకా పదిహేడు కిలోమీటర్ల ప్రయాణం ఉంది. టిక్కెట్టు కూడా దానిలోనే ఉంది కాబట్టి ఆ రోజు బండిలో సక్రమంగా ప్రయాణించింది నా బ్యాగే.

దువ్వాడ సంగతి తెలియనివారికి ఒక ముక్క చెప్పాలి. విశాఖపట్నం స్టేషన్లోకి వెళ్లిన బండి హౌరా వైపు పోవాలంటే ఇంజను అటునుంచి ఇటు మార్చుకోవాలి. అంత తీరిక లేని బండ్లు ఊళ్లోకి వెళ్లకుండా మా దువ్వాడలో ఆగి, విశాఖ జనాన్ని దింపేసి పక్కదారిన పోతాయి. ఇంట్లోకి రాకుండా గుమ్మంలోనే నిలబడి పలకరించి పోయే చుట్టాల్లాగన్నమాట. అందుకని మా ప్లాట్‌ఫారం మీద ఎప్పుడు చూసినా దిగినవాళ్లు, దిగాల్సినవాళ్లు, పొరపాటున దిగినవాళ్లు ఉంటారు. మరిచిపోయి దిగినవాళ్ల బెంచీ కూడా ఒకటి ఉందని ఆ రోజే తెలిసింది.

స్టేషన్లో రైల్వే రక్షక దళం కుర్రాడు మంచివాడు. శ్రీకాకుళం యాస. నా గోడు విని ఫోన్లు చేసి పది నిమిషాల్లో చల్లని కబురు చెప్పాడు. బ్యాగు దొరికింది, విశాఖలో భద్రంగా ఉంది. ప్రయాణికులు మరిచిపోయిన సామాను తిరిగి అప్పగించే పనికి వాళ్ల దళం ‘ఆపరేషన్ అమానత్’ అని పేరు కూడా పెట్టుకుంది. మా ఇంట్లో ఆ పనిని ‘నీ బుర్ర ఎక్కడ పెట్టావే’ అంటారు.

“అక్కడికెళ్లి తెచ్చుకోండమ్మా. మీదేనని తెలియాల కదా, బ్యాగులో ఏటేటున్నాయో రాసిచ్చీండి” అని తెల్లకాగితం మీద మూడు గడులు గీసి ఇచ్చాడు. వస్తువు. ఎన్ని. అంచనా విలువ.

మొదటి రెండు గడులూ ఏ ఆడదైనా నిద్రలో నింపగలదు. మూడోదే కొంప ముంచింది.

నోట్లు 640. అది తేలిగ్గా పోయింది. తర్వాత పది రూపాయల బిళ్లలు ఏడు. ఇక్కడే కలం ఆగింది. పది బిళ్లలు పద్నాలుగు రకాలుగా ఉన్నా అన్నీ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే ప్రకటన చేసింది. ఆ ప్రకటన కూర్మన్నపాలెం ఆటోస్టాండు దాకా రాలేదు. “ఇయ్యి సెల్లవమ్మా” అంటాడు ఆటో అబ్బాయి, ఢిల్లీకి సమాధానం చెప్పే అధికారిలా. కూరగాయలామె తీసుకోదు, పాలబ్బాయి తీసుకోడు. మా వీధిలో వాటిని తీసుకునేది ఒక్క దేవుడి హుండీ, అదీ నోరు లేదు గనక.

“డెబ్బై అని రాసీండమ్మా” అన్నాడు కుర్రాడు.

“నీకు ఏడూ ఇస్తే ఒక్క యాభై నోటు ఇస్తావా నాయనా?”

రిజిస్టరు తిప్పుకుంటూ కూర్చున్నాడు.

లోపలి జిప్పులో ఒక రెండు వేల నోటు కూడా ఉంది. మావారికి తెలియకుండా దాచి, ఆనక నాకూ తెలియకుండా పోయిన నోటు. 2023 మే 19న ఆ నోట్లని చలామణీ నుంచి ఉపసంహరిస్తున్నామన్నారు. అలాగని చెల్లదా అంటే చెల్లుతుందట. దుకాణంలో ఇస్తే మాత్రం నవ్వుతారు. మార్చుకోవాలంటే హైదరాబాదులోని రిజర్వు బ్యాంకు ఆఫీసుకి వెళ్లాలి, లేదా పోస్టులో పంపాలి. పది బిళ్లా, రెండు వేల నోటూ, రెండూ చట్ట ప్రకారం డబ్బే. రెంటితోనూ దువ్వాడలో టీ రాదు. అదే బ్యాగులో, చిల్లర లేదని దుకాణాలవాళ్లు అంటగట్టిన చాక్లెట్లు పదకొండు ఉన్నాయి. వాటికి ఏ గవర్నరు సంతకమూ లేదు, అయినా ఏ పిల్లాడి దగ్గరైనా చెల్లుతాయి.

ఇక మందుల విభాగం. సగం వాడిన జ్వరం మాత్రల అట్ట, గడువు తేదీ ఉన్న సగమే చింపి వాడేసినది. అమృతాంజనం సీసా. దీన్ని తక్కువగా చూడకండి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో ఈ వ్యాపారం మొదలుపెట్టి, ఆ ఆదాయంతోనే 1908లో ఆంధ్రపత్రికని వారపత్రికగా తెచ్చారు. 1914లో మద్రాసు నుంచి దినపత్రిక చేశారు. జనం తలనొప్పి తగ్గించి సంపాదించిన సొమ్ముతో పత్రిక పెట్టి తాను తలనొప్పి తెచ్చుకున్న మహానుభావుడు. మాలాంటి కాలమిస్టులందరం ఒక రకంగా ఆ సీసాలోంచి వచ్చినవాళ్లమే. అడుగున వేలితో గీరితే వచ్చేంత ఉంది. విలువ? తెలుగు పత్రికా చరిత్ర అని రాద్దామనుకుని, గడి పట్టక పది రూపాయలు వేశాను.

బిల్లులు మరీ అన్యాయం. మిక్సీకి ఐదేళ్ల వారంటీ ఉంది, బిల్లు పోతే చెల్లదు జాగ్రత్త అన్నాడు షాపతను. దేవుడి పటంలా దాచాను. ఆరు నెలలకి అచ్చు మొత్తం ఎగిరిపోయి తెల్లకాగితం మిగిలింది. ఆ వేడి కాగితం స్వభావమే అంతట, ఎండ తగిలినా వేడి తగిలినా మాసిపోతుంది. అలాంటి తెల్లకాగితాలు బ్యాగులో తొమ్మిదున్నాయి. ఏది మిక్సీదో ఏది చెప్పులదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. అయినా పారేయను.

సింహాచలం అప్పన్న చందనం పొట్లం ఒకటి. వైశాఖ శుద్ధ తదియ నాడు స్వామి మీద చందనం ఒలిచి ఏడాదికి ఒక్కసారి నిజరూపం చూపిస్తారు. ఆ ఒలిచిన చందనమే ప్రసాదం. దాని ఎదురుగా విలువ రాస్తే కళ్లు పోతాయని కుర్రాడే గడిలో అడ్డగీత గీశాడు. కాగితం మీద మొదటిసారి సరైన లెక్క పడింది.

తర్వాత పిన్నీసులు ఆరు.

73 లక్షల టన్నుల సామర్థ్యం ఉన్న ఉక్కు కర్మాగారానికి కూతవేటు దూరంలో కాపురం ఉంటూ నా వంతు ఉక్కు ఆరు పిన్నీసులు, ఒక గోళ్లు తీసే కత్తెర, కొన్ని తాళం చెవులూనూ. పిన్నీసు పది పైసలు చేస్తుందా? పెళ్లిలో కుచ్చిళ్లు జారబోయిన క్షణంలో అడగండి, మెళ్లో గొలుసు ఇచ్చేస్తాం. ఇప్పుడు మనం వాడే ఈ స్ప్రింగు పిన్నీసుని 1849లో వాల్టర్ హంట్ అనే అమెరికావాడు కనిపెట్టాడు. పాపం పదిహేను డాలర్ల బాకీ తీర్చాలట. పేటెంటు హక్కుని నాలుగు వందల డాలర్లకి అమ్మేసుకున్నాడు. కొన్నవాళ్లు లక్షలు గడించారు. చిన్న బాకీ చూపించి పెద్ద హక్కుని తెగనమ్మడం ఉక్కు పుట్టినప్పటినుంచీ ఉన్న ఆచారమేనేమో.

ఈ మాట పైకే అన్నట్టున్నాను. బెంచీ మీద పక్కనే కూర్చున్నామె, అరవై దాటి ఉంటాయి, నా కాగితంలోకి తొంగి చూసింది.

“ఇన్ని రాత్తన్నారేటమ్మా? నన్నడిగితే నా సంచిలో ఒక్కటే ఉంది సెప్పడానికి” అని గుడ్డ సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. కవర్లో ఇంకో కవరు. దానిలో కార్డు.

మా వైపు ఆ కార్డుని గుర్తుపట్టనివాళ్లు లేరు. ఆర్ కార్డు. స్టీలు ప్లాంటుకి భూములిచ్చి ఊళ్లొదిలి వచ్చినవి పదహారు వేల పైచిలుకు కుటుంబాలు. అగనంపూడి, వడ్లపూడి, పెదగంట్యాడల్లో నిర్వాసిత కాలనీలు వెలిశాయి. ఇంటికో ఉద్యోగం అన్నారు, కార్డులిచ్చారు. కొందరికి వచ్చింది. వేల కార్డులు మాత్రం ఇలా కవర్లలో, సంచుల్లో, బీరువాల్లో పింఛను వయసుకి వచ్చేశాయి.

“మా మావ పేరు మీద ఇచ్చినారు. మావ పోనాడు. మాయాయన ఈ కార్డట్టుకునే ముసిలోడైపోనాడు. ఇప్పుడు మా పిల్లడికీ నలబయ్యొచ్చినాయి. సిరిగిపోతందని మొన్న ముప్పై రూపాయిలెట్టి లామినేషను సేయించినాను.”

కుర్రాడు అలవాటుగా, “అయితే విలువ ముప్పై రూపాయలా మామ్మా?” అన్నాడు. అని నాలిక్కరుచుకున్నాడు.

ఆమె నవ్వింది. “రాసుకో. ఆ మాత్రం ఎవులూ కట్టనేదు దీనికి.”

ప్లాంటుకి కూడా ఇలాగే గడులు గీశారు లెండి. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం నూటికి నూరు శాతం వాటా వదిలించుకుందామని సూత్రప్రాయంగా నిర్ణయించింది. యంత్రాలు, అప్పులు, ఎకరాలు లెక్క పెట్టే పని మొదలైంది. కూర్మన్నపాలెం కూడలిలో నిరసన టెంటు వెలిసింది. మేం ఆటో ఎక్కేదీ దిగేదీ ఆ టెంటు పక్కనే. ఎండలూ వానలూ, ఎన్నికలూ వచ్చి పోయాయి, టెంటు ఉండిపోయింది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించారు. అమ్మే వస్తువుకి అంత పెట్టి లామినేషను చేయించడం ఏమిటో ఆర్థికవేత్తలే చెప్పాలి. 1966లో ఉక్కు కోసం జరిగిన ఉద్యమంలో పోయిన 32 ప్రాణాలని ఏ గడిలో వేశారో కూడా వాళ్లనే అడగాలి. నాకు ఏడు పది బిళ్లలకే లెక్క తెగలేదు.

మా ప్రాంతంలో బ్యాగులకి గేట్ల అలవాటుంది. ప్లాంటు గేటులో తెరిచి చూపించాలి. దువ్వాడ ప్రత్యేక ఆర్థిక మండలి గేటులోనూ చూపించాలి. ఆ మండలి విషయం ఇంకా వింత. 2005 నాటి చట్టం 53వ సెక్షన్ ప్రకారం, అక్కడ అనుమతించిన వ్యాపారం మేరకు అది కస్టమ్స్ లెక్కలో దేశం బయటి ప్రాంతం. మా ఎదురింటి అమ్మాయి అక్కడే పనిచేస్తుంది. రోజూ తొమ్మిదింటికి పులిహోర డబ్బాతో కస్టమ్స్ హద్దు దాటి, సాయంత్రం ఖాళీ డబ్బాతో స్వదేశానికి తిరిగొస్తుంది. పాస్‌పోర్టు లేదు. అమెరికాలో ఉన్న వాళ్ల అన్నయ్య కన్నా ఆ పిల్లే ఎక్కువసార్లు సరిహద్దు దాటిందని వాళ్లమ్మ గొప్పగా చెప్పుకుంటుంది. ఇన్ని గేట్లలో బ్యాగులో ఏముందని అడిగారే గానీ ఎంత చేస్తుందని ఎవరూ అడగలేదు. అందుకే ఈ మూడో గడికి మేం తయారుగా లేం.

మా అమ్మమ్మకి ఈ బాధే లేదు. ఆవిడ హ్యాండ్‌బ్యాగు రొంటి. వక్కలు, అణాలు, కొట్టుగది తాళం, అన్నీ నడుము దగ్గరే. కొంగు ముడిలో పావలా. రైల్లో మరిచిపోవాలంటే మనిషే దిగకుండా ఉండిపోవాలి. అది కూడా ఇప్పుడు క్షేమం కాదనుకోండి. నడుముకి కట్టుకున్న బెల్టులోంచి లక్ష రూపాయలు రైల్లో పోయాయని ఓ ప్రయాణికుడు కేసు వేస్తే, ఎవరి సొంత సామాను వాళ్లే కాచుకోవాలి, రైల్వేది సేవాలోపం కాదని సుప్రీంకోర్టు 2023 జూన్‌లో తేల్చేసింది. ఇంకో మాట కూడా ఉంది. మనం చేత్తో తీసుకెళ్లే సామానుకి రైల్వే పూచీ పడాలంటే వాళ్ల నిర్లక్ష్యమే కారణమని రుజువు కావాలి. నా విషయంలో నిర్లక్ష్యం ఎవరిదో పూతరేకుల పెట్టె సాక్ష్యం చెబుతుంది.

కుర్రాడు ఊరికే ఉండలేక ఫోను చూపించాడు. “ఈ బ్యాగు సూసినారా మేడమ్? జేన్ బర్కిన్ అని ఒక నటిదంట. మొన్న 2025 జూలైలో పారిస్‌లో వేలం పాడితే 86 కోట్లంట.” చూశాను. అంచులు అరిగి, తోలు గీసుకుపోయిన నల్ల బ్యాగు. పక్కన గోళ్లు తీసే కత్తెర కూడా వేలాడుతోంది. అచ్చం నాదే. తేడా ఏమిటంటే అది ఖాళీ బ్యాగు. సామానంతా తీసేశాకే ఆ ధర పలికింది. మా ప్లాంటులో మనుషుల్ని తీసేస్తే ధర పెరుగుతుందన్న ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది.

విశాఖ వెళ్లడానికి చేతిలో పైసా లేదు. ఆర్ కార్డు మామ్మే యాభై నోటు తీసిచ్చింది. “నానిక్కడే ఉంటాను, రోజూ కూరగాయల బండికొత్తాను, అప్పుడిచ్చీ” అంది. నేను పూతరేకుల పెట్టె విప్పాను. ఆమెకి నాలుగు, కుర్రాడికి రెండు. మా పిన్నికి ఈ కాలమ్ ఎవరూ చదివి వినిపించకండి.

విశాఖ స్టేషన్లో బ్యాగుని బల్ల మీద బోర్లించారు. అక్కడి ఆయన నా కాగితం పట్టుకుని ఒక్కొక్కటే సరిచూశాడు. నోట్లు సరి. బిళ్లలు సరి. చాక్లెట్లు పదకొండూ సరి. పిన్నీసులు ఐదే ఉన్నాయన్నాడు. ఆరోది భుజం మీద చూపించాను. తెల్ల బిల్లులు అటూ ఇటూ తిప్పి, పక్కన పెట్టి, మళ్లీ లోపలే పెట్టాడు. తాళం చెవులు మూడని రాశాను, నాలుగున్నాయి.

ఇంటిది, బీరువాది, స్కూటీది. నాలుగోది తుప్పు పట్టి చిన్నగా ఉంది.

“ఇది ఏ తాళానిదమ్మా?”

ఎంత ఆలోచించినా తట్టలేదు. ఆ తాళం ఏ ఇంట్లో ఉందో, అసలు ఉందో లేదో కూడా తెలియదు.

“అయితే తీసి పారేద్దామా?” అని చెత్తబుట్ట వైపు చెయ్యి చాచాడు.

ఆయన చేతిలోంచి లాక్కున్నంత పని చేశాను. ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, కాగితం చివర ‘తాళం చెవి, 1’ అని కలిపి, మూడో గడి ఖాళీగా వదిలేసి, సంతకం పెట్టమన్నాడు.