అరుగుబండ విన్న రాకెట్టు వాదన

నేను అవుకు నాపబండను. టీ కొట్టు ముందు రెండు దిమ్మెల మీద అడ్డంగా పరిచిన ఆరడుగుల రాయిని. ఇప్పుడు నా మీద జనం కూర్చుంటారు గానీ, నేను పుట్టింది సముద్రంలో. కోట్ల ఏళ్ల కిందట ఈ నేలంతా లోతు తక్కువ సముద్రంగా ఉన్న కాలంలో, అడుగున సున్నపు బురద పొర మీద పొరగా పేరుకొని, గట్టిపడి నేనయ్యాను. భూగర్భ శాస్త్రవేత్తలు నా జాతికి కడప జిల్లాలోని నార్జి ఊరి పేరు పెట్టారు. నా నెత్తిన పరుచుకున్న మెత్తటి రాతిపొరకు మాత్రం మా ఊరి పేరే పెట్టి అవుకు షేల్ అన్నారు. గనిలో కూలీలు గడ్డపారలతో నన్ను పొర విడదీసి పైకి తీశారు. నాతోపాటు వచ్చిన బండలు పాలిష్ ఫ్యాక్టరీకి పోయి ఎవరెవరి ఇళ్లలోనో నేలకు పరుచుకున్నాయి. నేను ఒక అంచు విరిగి ఉన్నందున ఇక్కడే అరుగునయ్యాను.

అరుగైనాక నా బతుకంతా వినడమే. శనగల ధర, అవుకు రిజర్వాయరుకు నీళ్లు ఎప్పుడొస్తాయి, గాలేరు–నగరి కాలువ సొరంగం పని ఎంతవరకు వచ్చింది, ఎవరి బిడ్డకు ఎక్కడ ఉద్యోగం వచ్చింది, ఇవే మాటలు. ఆకాశం సంగతి ఎత్తితే అది వాన కోసమే. అలాంటి అరుగు మీద 2022 నవంబరు 18న, శుక్రవారం పొద్దున పదకొండున్నరకు, ఒక రాకెట్టు మీద రచ్చ మొదలైంది. కొట్టులో టీవీ నడుస్తోంది. శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ లేచింది. దేశంలో ఒక ప్రైవేటు సంస్థ తయారు చేసి ఎగరేసిన మొదటి రాకెట్టు అది. చేసింది హైదరాబాదులోని స్కైరూట్ ఏరోస్పేస్. ఇస్రోలో పనిచేసి బయటికి వచ్చిన పవన్ కుమార్ చందన, నాగభరత్ డాకా 2018లో పెట్టిన కంపెనీ.

"అయిదు నిమిషాలన్నా కాలేదు, సముద్రంలో పడిపాయ. దీనికింత సంబరమేందప్పా?" అన్నాడు శనగ రైతు.

"అట్లగాదు మామా, అది పడాల్సిందే. ప్రయోగమే అంతవరకు" అన్నాడు ఇంజనీరింగు చదివే కుర్రోడు.

"సరే అల్లుడూ, పైకి పోయి ఏం తెచ్చింది?"

ఈ ప్రశ్న విన్నాక మిగతా మాటలు నాకు తేలికగా తోచాయి. కుర్రోడు దేశం పేరు ఎత్తాడు, మనవాళ్లు అన్నాడు, గర్వం అన్నాడు. రిటైరైన లెక్కల అయ్యవారు మరో వాదం తీశారు. రాకెట్టు చేరిన ఎత్తు 89.5 కిలోమీటర్లు. అంతరిక్షం నూరు కిలోమీటర్ల దగ్గర మొదలవుతుందని ఎక్కువమంది ఒప్పుకుంటారు. అమెరికావాళ్లు ఎనభై దగ్గరే మొదలు పెడతారు. కాబట్టి ఇది అంతరిక్షానికి పోయినట్టా, పోనట్టా? ఆ ఎత్తు మీదే గంటసేపు గడిచింది. రెండు పక్షాలవాళ్లూ ఎత్తుతోనే కొలుస్తున్నారు. నా మనసు మాత్రం రైతు అడిగిన మాట దగ్గరే ఆగింది. ఏం తెచ్చింది?

పేపరు చదివి వినిపించేవాళ్లు ఉన్నంతవరకు నాలాంటి బండకూ చదువు వస్తుంది. మరునాడు అయ్యవారే చదివారు. విక్రమ్-ఎస్ పొడవు ఆరు మీటర్లు, బరువు సుమారు 545 కిలోలు. ఒకే దశ, ఘన ఇంధనం. మోటారు పేరు కలాం-80. ఒడలు కార్బన్ కాంపోజిట్. రాకెట్టును బొంగరంలా తిప్పి నిలకడగా ఉంచే చిన్న థ్రస్టర్లను త్రీడీ ప్రింటింగుతో చేశారు. ధ్వని కంటే అయిదు రెట్ల వేగం దాకా పోయింది. లోపల మూడు పేలోడ్లు: చెన్నై స్పేస్ కిడ్జ్ ఇండియాది ఒకటి, ఆంధ్రకు చెందిన ఎన్-స్పేస్ టెక్‌ది ఒకటి, ఆర్మేనియా నుంచి వచ్చింది ఒకటి. విక్రమ్-ఎస్ కక్ష్యలోకి ఏమీ తీసుకుపోలేదు, తీసుకుపోయేందుకు కట్టిందీ కాదు. తర్వాత కట్టబోయే పెద్ద రాకెట్టు విక్రమ్-1లో వాడే పరికరాలు నిజమైన వేడిలో, కంపనంలో, వేగంలో ఎట్లా ప్రవర్తిస్తాయో చూసి రావడమే దాని పని. అది తెచ్చినవి ఆ కొలతలు. రాకెట్టు నీళ్లలో మునగకముందే రేడియోలో నేలకు చేరిన అంకెలు.

అంకెల కోసం అంత ఖర్చా అని రైతు మళ్లీ అన్నాడు. ఆయన మాటను తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. నీళ్ల కోసం తరాలుగా ఎదురుచూసిన చోట ఖర్చు మాట ఎత్తే హక్కు ఆయనకుంది. కానీ మా ఊళ్లోనే దీనికి జవాబుంది. కృష్ణా వరదనీళ్లు పోతిరెడ్డిపాడు నుంచి బనకచర్ల, గోరకల్లు మీదుగా అవుకు రిజర్వాయరుకు చేరి, ఇక్కడినుంచి గండికోటకు పోవాలి. దారిలో కొండకు సొరంగాలు తొలిచారు. తొలుస్తుంటే ఒకచోట రాయి గట్టిగా నిలవలేదు, పైనుంచి వదులు మన్నూ రాళ్లూ కూలిపడ్డాయి. ఏళ్లు పట్టింది. రెండో సొరంగం 2023 నవంబరు 30న ప్రారంభమైంది. కొండ లోపల ఏముందో కొండ మీద నిలబడి ఎవరూ చెప్పలేకపోయారు. మా జాతివాళ్లమే అక్కడ ఉన్నాం, మాకూ చెప్పే నోరు లేకపోయింది. లోపలికి పోయాకే తెలిసింది. రాకెట్టు మోటారు సంగతీ అంతే. బల్ల మీద వేసిన లెక్క మోటారు మండేటప్పుడు నిలుస్తుందా లేదా అన్నది మండించి చూస్తేనే తెలుస్తుంది.

అయ్యవారికి ఒక పాత సంగతి గుర్తొచ్చింది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచే ఎస్ఎల్‌వీ-3 మొదటిసారి లేచింది. సతీష్ ధావన్ ఇస్రో అధ్యక్షుడు, అబ్దుల్ కలాం ఆ ప్రాజెక్టు డైరెక్టరు. రెండో దశను అదుపు చేసే వ్యవస్థలో ఒక వాల్వు చెడి, రాకెట్టు బంగాళాఖాతంలో పడింది. అప్పుడు ఖర్చయింది పూర్తిగా ప్రజల సొమ్మే. పదకొండు నెలలకు, 1980 జూలై 18న, అదే రకం రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఇవాళ స్కైరూట్ తన మోటార్లకు కలాం పేరు, క్రయోజెనిక్ ఇంజనుకు ధావన్ పేరు పెట్టుకుందంటే, పడిన రాకెట్టు నుంచి నేర్చుకున్న పెద్దల పేర్లే పెట్టుకుందని నాకు అర్థమైంది.

కుర్రోడు అమెరికా సంగతి చెప్పాడు. స్పేస్ఎక్స్ మొదటి రాకెట్టు ఫాల్కన్-1 వరసగా మూడుసార్లు విఫలమైంది. 2008 ఆగస్టులో మూడోసారి ఎగిరినప్పుడు, కింది దశ విడిపోయాక కూడా దానిలో కొద్దిగా తోపు మిగిలి, వెనకనుంచి వచ్చి పై దశను గుద్దింది. ఇంజనీర్లు చేసిన ముఖ్యమైన మార్పు, విడిపోయే ముందు ఆగే వ్యవధిని పెంచడం. రెండు నెలలు తిరక్కుండానే, సెప్టెంబరు 28న నాలుగోది కక్ష్య చేరింది. నాకు ఈ కథలో నచ్చింది గెలుపు కాదు. ఏం చెడిందో ఇంత స్పష్టంగా లోకానికి తెలియడం నచ్చింది. కోట్ల డాలర్ల మాటల కంటే ఆ ఒక్క కారణం విలువైనది.

2024 మే 30న చెన్నై అగ్నికుల్ సంస్థ కూడా శ్రీహరికోటలో తన సొంత ప్రయోగవేదిక నుంచి అగ్నిబాణ్ పరీక్షా రాకెట్టును ఎగరేసింది. ఇంజను త్రీడీ ప్రింటింగుతో చేసింది. అంతకుముందు పలుమార్లు కౌంట్‌డౌన్ మధ్యలో ఆపేశారు. ఆపిన ప్రతిసారీ అరుగు మీద వెక్కిరింత వినబడింది. నాకు కష్టమనిపించింది. తేడా కనిపించినప్పుడు ఆపగలగడం ఎగరగలగడం కంటే తక్కువ పని కాదు.

ఇక ప్రైవేటు డబ్బు సంగతి. పెట్టుబడిదారుల సొమ్ముతో ఎగరేస్తే ప్రజలకేం నొప్పి అని ఒకాయన అన్నాడు. ఆ మాటకు నేను ఒప్పుకోను. ప్రయోగం జరిగింది ఇస్రో రేంజిలో. అనుమతి ఇచ్చింది 2020లో ప్రభుత్వం ప్రకటించిన ఇన్‌స్పేస్ అనే సంస్థ. శ్రీహరికోట దీవిలో ఒకప్పుడు యానాదులు బతికారు. రాకెట్ల కేంద్రం కోసం వాళ్లు ఆ నేల వదిలి పోవాల్సి వచ్చింది. 1971 నుంచి అక్కడ ఎగురుతున్న ప్రతి రాకెట్టు కిందా ఆ త్యాగం ఉంది. నేల ఇచ్చినవాళ్లకు, రాడార్లకు పన్ను కట్టినవాళ్లకు లెక్క చెప్పాల్సిందే. ప్రైవేటువాళ్లు పరీక్షలు చేయడం దేశానికి మేలని నేను గట్టిగా నమ్ముతాను. చిన్న ఉపగ్రహాలను త్వరగా, తక్కువ ఖర్చుతో పంపగలిగితే పైరును, నీటిని, తుపానును చూసే కళ్లు పెరుగుతాయి. ఆ నమ్మకం నిలవాలంటే పరీక్షలో తేలిన నిజం కంపెనీ గోడల లోపలే ఉండిపోకూడదు.

2025 ఆగస్టులో విక్రమ్-1 మొదటి దశ మోటారు కలాం-1200ను శ్రీహరికోటలో నేలకు కట్టి మండించారు. నవంబరు 27న హైదరాబాదులోని స్కైరూట్ కొత్త కేంద్రాన్ని ప్రధానమంత్రి ప్రారంభించారు. అప్పుడు అరుగు మీద మళ్లీ వాదన లేచింది. కుర్రోడు ఈసారి గర్వం మాట ఎత్తలేదు. మోటారు ఎంతసేపు మండింది, ఒత్తిడి లెక్క ఎంత, కొలిచింది ఎంత అని చెప్పాడు. రైతు ఓపికగా విన్నాడు. విని ఇట్లా అన్నాడు:

"అల్లుడూ, ఎగిరితే టీవీలో చూపిస్తారు, అది నాకు తెలుసు. పడిపోతే ఏ భాగం చెడిందో, దాన్ని ఎట్లా బాగుచేసినారో కూడా తెలుగు పేపర్లో రాయమను. అయ్యవారితో చదివించుకుంటా."