కాఫీ చల్లారుట: టీకా తాత్పర్య సహితము

మూలము

"30 డిగ్రీల వేడిమి గల గదిలో నుంచిన గ్లాసెడు కాఫీ 94 డిగ్రీల నుండి 5 నిమిషములలో 78 డిగ్రీలకు చల్లారెను. అది 57 డిగ్రీలకు ఎప్పుడు వచ్చును?"

అవతారిక

అవకలన సమీకరణాల అధ్యాయంలో "అనువర్తనాలు" అన్న శీర్షిక కింద వచ్చే ప్రశ్న ఇది. బీఎస్సీలో గాని బీటెక్‌లో గాని దీన్నో, దీని తోబుట్టువునో ఎదుర్కోకుండా బయటపడిన విద్యార్థి అరుదు. అంతవరకు ఎక్స్, వై అని మాత్రమే పలికిన రాశుల మీద మొదటిసారి ఆవిరి కనబడేది ఇక్కడే.

ప్రతిపదార్థము

గది = ఎంత వేడి పుచ్చుకున్నా తాను వేడెక్కనిది; 30 డిగ్రీలు = ఫ్యాను వేసినా, కరెంటు పోయినా మారనివి; కాఫీ = పైనుంచి అడుగు దాకా ఒకే వేడి గల ద్రవము, రుచితో నిమిత్తము లేనిది; గ్లాసెడు = ఎంత అని అడగరానిది; చల్లారెను = న్యూటన్ చెప్పినట్టే చల్లారెను; ఎప్పుడు వచ్చును = ఈలోగా ఎవరూ తాగనిచో ఎప్పుడు వచ్చును అని అధ్యాహారము.

ఈ "=" గుర్తును 1557లో రాబర్ట్ రికార్డ్ అచ్చులోకి తెచ్చాడు. రెండు సమాంతర రేఖలకంటె సమానమైనవి లోకంలో లేవని ఆయన చెప్పిన కారణం. లెక్క చేసేవాడూ, టీకా రాసేవాడూ దాన్ని సమానంగానే వాడుకుంటారు గాని, టీకాకారుడి చేతిలో కుడిపక్క ఎప్పుడూ కాస్త బరువు.

అన్వయము

కాఫీ ఎంత వేడిగా ఉందన్నది కాదు, గదికన్నా ఎంత ఎక్కువ వేడిగా ఉందన్నదే లెక్క. ఆ ఎక్కువను మిగులు అనుకుంటే, మిగులు తరిగే వేగం మిగులుకు అనులోమానుపాతంలో ఉంటుందన్నది న్యూటన్ శీతలీకరణ నియమం. మొదట మిగులు 64. 5 నిమిషాలకు 48, అంటే ముప్పాతిక. కనుక ప్రతి 5 నిమిషాలకూ ముప్పాతికే నిలుస్తుంది: 48 పోయి 36, 36 పోయి 27. దానికి గది వేడి 30 కలిపితే 57. జవాబు, మొదటినుంచి 15 నిమిషాలు. లాగరిథం పట్టిక తెరవకుండా తేలడం ప్రశ్న కూర్చినవారి దయ. వంటింటి కాఫీకి ముప్పాతికల పట్టింపు ఉండదు.

తాత్పర్యము

వేడి వస్తువు మొదట త్వరగా, పోనుపోను నెమ్మదిగా చల్లారును. గంట గడిచేసరికి ఈ కాఫీలో మిగులు 2 డిగ్రీలు. ఆపైన గది వేడికి చేరువవుతూనే ఉంటుంది గాని ఎన్నటికీ చేరదు. ఇంట్లోవాళ్లు చల్లారిపోయిందని సింకులో పారబోసినా సమీకరణం ఒప్పుకోదు. అందులో చల్లారే వేగాన్ని "డీ టీ బై డీ టీ" అని చదువుతారు. పై టీ ఉష్ణోగ్రత, కింది టీ కాలం. కాఫీ లెక్కలో రెండు టీలు, శ్లేషాలంకారము.

విశేషములు

న్యూటన్ ఈ మాట అన్నది ఇనుము గురించి. 1701లో రాయల్ సొసైటీ పత్రికలో పేరు లేకుండా, లాటిన్‌లో అచ్చయిన వ్యాసంలో, కాల్చిన ఇనుప దిమ్మెను కదలని గాలిలో కాక ఒకే తీరున వీచే గాలిలో పెట్టినట్టు ఆయన రాశాడు. ఆ షరతు పాఠ్యపుస్తకాల్లో తరచు జారిపోయింది. కదలని గాలిలో వేడెక్కిన గాలి తానే పైకి లేస్తుంది. ఆ లేచే జోరు కూడా మిగులుమీదే ఆధారపడుతుంది గనుక అనుపాతం చెడుతుంది. అంటే ఫ్యాను కింద పెట్టిన గ్లాసు న్యూటన్‌కు ఎక్కువ విధేయురాలు.

మూలం మౌనం వహించిన పెద్ద సంగతి ఆవిరి. మూతలేని గ్లాసులో 100 గ్రాముల కాఫీలో ఒక్క గ్రాము ఆవిరైపోతే, గుప్తోష్ణం రూపంలో అది పట్టుకుపోయే వేడికి తక్కినదంతా 5 డిగ్రీలకు పైగా చల్లబడుతుంది. వేడివేడి కాఫీ మొదటి నిమిషాల్లో నియమం చెప్పినదానికన్నా తొందరగా చల్లారడానికి ముఖ్య కారణం ఇదే. మూత పెడితే ప్రశ్న మళ్లీ న్యూటన్ దారికి దగ్గరవుతుంది. గ్లాసులోంచి దబరాలోకి ఎత్తునుంచి తిరగబోస్తే, స్థిరాంకం అని పేరు పెట్టుకున్నది చేతివాటాన్ని బట్టి మారుతుంది.

పూర్వపక్షము, సిద్ధాంతము

ఇన్నింటిని వదిలేసిన లెక్క దేనికని ఆక్షేపణ. ఏది వదిలేశామో తెలిసి వదిలేయడమే నమూనా అని సమాధానము. అంత మాత్రపు లెక్కే మరో పాత ప్రశ్నను తేలుస్తుంది: తాగేవాడు పావుగంట ఆలస్యమైతే పాలు ఇప్పుడే కలపాలా, వచ్చాక కలపాలా?

ఇంగ్లీషు పుస్తకాల్లో కాఫీ వేడిది, పాలు ఫ్రిజ్‌లోవి. గదికన్నా చల్లని పాలు మిగులు కాదు, లోటు. ముందే కలిపితే మిగులుతోపాటు లోటూ కాలంతో తరిగిపోతుంది. చివర కలిపితే లోటు మొత్తం ఒక్కసారి మీద పడుతుంది. కనుక ముందే కలిపిన కాఫీ వేడిగా ఉంటుంది.

ఫిల్టరు కాఫీలో వ్యవహారం తలకిందులు. పాలు పొంగినవి, డికాక్షను గది వేడిది. దాని పద్దు సున్న. చల్లారే రేటు మారకపోతే ముందు కలిపినా, తరువాత కలిపినా ఫలితం ఒక్కటే. అయితే అదే పాత్రలో ద్రవం పెరిగి, పైతలం అంతే ఉంటే రేటు తగ్గుతుంది గనుక ముందు కలపడానికే మొగ్గు. ఈలోగా పాలమీద మీగడ కట్టి ఆవిరిని అడ్డుకుంటే ఆ మొగ్గు ఎంత తగ్గుతుందన్నది గ్లాసుకో థర్మామీటరు పెట్టి చూసుకోవలసిందే. సమీకరణంలో మీగడకు చోటు లేదు.

పాఠాంతరము

కొన్ని ప్రతులలో "కాఫీ" అనుచోట "శవము" అనియు, "94" అనుచోట "37" అనియు కలదు. అచట అడుగునది మరణ సమయము. సమీకరణం అదే గాని, దేహం లోపలి వేడి మొదట కొంతసేపు దాదాపు కదలదు. ఒకే ఘాతీయ పదం ఆ జాప్యాన్ని చూపలేదు. 1962లో మార్షల్, హోర్ రెండు ఘాతీయ పదాల సూత్రం ప్రతిపాదించారు. పరీక్షలో మాత్రం ఒక పదంతోనే మార్కులు వేస్తారు.